విమానం ఎగరడానికి ముందు

రేడియోతో నడిచే చిన్న విమానాన్ని పిల్లల చేత తయారు చేయిస్తున్నామని చెప్పినప్పుడు పెద్దలు చాలామంది మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటే: "మాస్టారూ, ఎంత చేసినా అది ఆటవస్తువే కదా! దానికి ఇంత ఖర్చు, ఇన్ని నెలల శ్రమ ఎందుకు?"

న్యాయమైన ప్రశ్నే. బజారులో దొరికే బొమ్మ విమానం కొనిచ్చి ఎగరేసుకోమంటే అది ఆటే. కానీ ఫోమ్ బోర్డు కోసి, రెక్క మడిచి, మోటారు బిగించి, తూకం చూసి, తమ చేతులతో చేసిన విమానాన్ని గాల్లోకి వదిలితే అది భౌతికశాస్త్రంలో పరీక్ష అవుతుంది. ఆ పేపరును గాలే దిద్దుతుంది. మాస్టారి మొహం చూసి రెండు మార్కులు కలపదు.

ఆ పరీక్షలో మొదటిసారి తప్పింది ఉపాధ్యాయులమైన మేమే. ఆ సంగతి దాచకుండా చెబితే, ఈ పని చేపట్టదలచిన ఇతర ఉపాధ్యాయులకూ, ఇలాంటి పనులకు చేయూతనిచ్చే దాతలకూ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

విమానంలో ఏముంటాయి?

1937లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 'గఫ్' అనే మోడల్ విమానాన్ని రేడియో సంకేతాలతో నడిపారు. అలా నడిచిన తొలి విమానాలలో అదొకటి. ఆనాడు ఎంతో శ్రమపడి చేతితో తయారు చేసుకున్న రేడియో పరికరాలు ఈనాడు అరచేతిలో పట్టే పెట్టెల్లో దొరుకుతున్నాయి.

నేర్చుకునేవారికి రెక్క పైన, శరీరం కింద ఉండే విమానం మంచిది. రెక్కల కొసలను కొంచెం పైకి ఎత్తి అతికిస్తే, పక్కకు ఒరిగినా తనంతట తానే సర్దుకునే గుణం దానికి వస్తుంది. మేము ఎంచుకున్నది అలాంటిదే. రెక్క పొడవు ఒక కొస నుంచి మరో కొసకు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. అన్నీ బిగించాక మొత్తం బరువు 900 గ్రాములు. రెక్క వైశాల్యం 24 చదరపు డెసిమీటర్లు కాబట్టి, ఒక్కో చదరపు డెసిమీటరు మోసే బరువు సుమారు 37 గ్రాములు. ఈ అంకె తక్కువగా ఉంటే విమానం నెమ్మదిగా, నింపాదిగా ఎగురుతుంది. ఎక్కువైతే వేగంగా వెళ్లక తప్పదు. కొత్తవారి చేతికి నింపాది విమానమే మేలు.

దాన్ని నడిపించే భాగాలు నాలుగు. రెక్క వెనక అంచున ఉండే ఎయిలెరాన్లు విమానాన్ని కుడి ఎడమలకు ఒరిగిస్తాయి. తోక మీద అడ్డంగా ఉండే ఎలివేటర్ ముక్కును ఎత్తుతుంది, దించుతుంది. నిలువుగా ఉండే రడ్డర్ ముక్కును పక్కలకు తిప్పుతుంది. నాలుగవది మోటారు వేగం. చేతిలోని ట్రాన్స్‌మిటర్ నుంచి 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం విమానంలోని రిసీవర్‌కు చేరుతుంది. రిసీవర్ చెప్పినట్టు అగ్గిపెట్టె కన్నా చిన్నవైన సర్వో మోటార్లు సన్నని తీగలతో ఈ భాగాలను కదుపుతాయి. మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో ఈఎస్‌సీ అనే పరికరం చూసుకుంటుంది. వీటన్నిటికీ శక్తినిచ్చేది లిథియం పాలిమర్ బ్యాటరీ. అందరూ దాన్ని లైపో అంటారు.

రెక్క కోయడంలో, అతకడంలో పిల్లలు త్వరగానే చేయి తిరిగారు. తండ్రితో పాటు మోటారు సైకిళ్ల షెడ్డులో పనిచేసే ఒక అబ్బాయి తరగతిలో నోరు విప్పేవాడు కాదు. సర్వో తీగను సరైన పొడవుకు వంచడం మాత్రం మాకంటే వాడికే బాగా వచ్చింది.

మొదటి రోజు ఏం జరిగింది?

సెలవు రోజు ఉదయం ఊరి బయట మైదానానికి వెళ్లాము. సామాన్లకు డబ్బిచ్చిన పెద్దాయన కూడా చూడటానికి వచ్చారు. తల్లిదండ్రులు కొందరు వచ్చారు. విమానాన్ని ఎగరేసే ముందు రెండు చూపుడు వేళ్ల మీద రెక్కను నిలబెట్టి తూకం చూడాలి. ఆ పని ఎనిమిదో తరగతి అమ్మాయికి అప్పగించాము. ఆ అమ్మాయి రెండుసార్లు చూసి, మా దగ్గరకు వచ్చి మెల్లగా అంది:

"సార్, తోక కిందికి వాలుతోంది."

తోక బరువు తగ్గాలంటే బ్యాటరీని ముందుకు జరపాలి. ముందు చోటు లేదు. ముక్కు దగ్గర పెట్టెను మళ్లీ కోసి అతకాలి. అప్పటికే ఎండెక్కుతోంది. వచ్చినవారు వేచి ఉన్నారు. "కొంచెమే కదమ్మా, గాల్లోకి వెళితే సర్దుకుంటుందిలే" అన్నాము.

సర్దుకోలేదు. చేతిలోంచి వదలగానే ముక్కు పైకి లేచింది. ఎలివేటర్‌ను కిందికి తిప్పినా ఇంకా లేచింది. వేగం పోయింది. ఎడమ రెక్క మీదుగా ఒరిగి, నేలకు గుద్దుకుంది. అంతా ఆరేడు సెకన్లు. ప్రొపెల్లర్ విరిగింది, మోటారు బిగించిన చెక్క ఊడింది, ఒక రెక్క మధ్యకు తెగింది. మూడు నెలల పని.

పిల్లల మొహాలు చూడలేకపోయాము. దాత దగ్గరకు వెళ్లి, తప్పు పిల్లలది కాదని, ఆ అమ్మాయి ముందే చెప్పినా మేము వినలేదని ఒప్పుకున్నాము. ఆయన కోప్పడలేదు. ఆ అమ్మాయిని పిలిచి, "ఈసారి నువ్వు సరేనన్నాకే ఎగరేయమను తల్లీ" అని మాత్రం అన్నారు.

తూకం లెక్క

మరుసటి రోజు తరగతి గదిలో విరిగిన విమానాన్నే పాఠంగా పెట్టాము.

ఇలాంటి విమానానికి గురుత్వ కేంద్రం రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో పాతిక వంతుకు, మూడో వంతుకు మధ్య ఉండాలి. మా రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు గనక 5 నుంచి ఆరున్నర సెంటీమీటర్ల మధ్య ఎక్కడైనా సరిపోతుంది. మేము 6 దగ్గర గీత పెట్టుకున్నాము. ఊడినవన్నీ మళ్లీ యథాస్థానంలో ఉంచి తూచితే, విమానం నిలిచింది 8 సెంటీమీటర్ల దగ్గర. అంటే 2 సెంటీమీటర్లు వెనక. కంటికి అది రెండు వేళ్ల మందం కూడా లేదు.

దాన్ని సరిచేయడం తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిన తులాదండం లెక్కే. మొత్తం బరువు 900 గ్రాములు, జరగాల్సింది 2 సెంటీమీటర్లు, లబ్ధం 1800. బ్యాటరీ బరువు 180 గ్రాములు. 1800ను 180తో భాగిస్తే 10. బ్యాటరీని 10 సెంటీమీటర్లు ముందుకు జరిపితే చాలు. ముక్కుకు సీసం ముక్కలు కట్టనక్కరలేదు, కొత్తగా కొనాల్సిందీ లేదు. ఆ లెక్క నల్లబల్ల మీద చేసింది కూడా ఆ అమ్మాయే.

గురుత్వ కేంద్రం ముందుంటే విమానం కాస్త బద్ధకంగా ఎగురుతుంది. మరీ వెనక్కి పోతే అసలు మాట వినదు. ముక్కు కొంచెం లేస్తే చాలు, దించేవారికి అందకుండా ఇంకా ఇంకా లేస్తుంది. అందుకే కొత్తవారు కొంచెం ముందువైపుకే ఉంచుకోవాలి.

తోకను మరచిన పెద్దలు

ఈ పాఠం చాలా పాతది. తొమ్మిదవ శతాబ్దంలో అందలూసియాలోని కోర్డోబా నగరంలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అనే పండితుడు ఉండేవాడు. ఆయన ఒంటికి ఈకలు అమర్చుకుని, రెక్కలు కట్టుకుని గాల్లోకి దూకి కొంత దూరం ఎగిరాడని, దిగేటప్పుడు వీపుకు దెబ్బ తగిలిందని, పక్షి తోక ఆసరాతో దిగుతుందన్న సంగతి గమనించక తోక అమర్చుకోలేదని, ఏడు వందల ఏళ్ల తర్వాత అల్ మక్కరీ అనే చరిత్రకారుడు రాశాడు. చంద్రుడి మీద ఒక బిలానికి ఇబ్న్ ఫిర్నాస్ పేరు పెట్టారు. ఈ కథ చెప్పగానే పిల్లల్లో ఒకడు, "ఆయన తోక మరిచిపోయాడు, మనం తోక బరువు మరిచిపోయాం సార్" అన్నాడు. గది అంతా నవ్వింది. విమానం పడిపోయాక వాళ్లు నవ్వడం అదే మొదటిసారి.

మేనార్డ్ హిల్ గురించి కూడా చెప్పాము. అమెరికాకు చెందిన ఈయన బాల్సా కర్రతో చేసిన మోడల్ విమానం 2003 ఆగస్టులో కెనడాలోని న్యూఫౌండ్లాండ్ నుంచి బయలుదేరి, అట్లాంటిక్ సముద్రం దాటి, సుమారు 39 గంటల్లో ఐర్లాండ్ చేరింది. 3,000 కిలోమీటర్లకు పైగా దూరం. ఇంధనంతో కలిపి దాని బరువు 5 కిలోలే. అప్పటికి హిల్ వయసు 77 ఏళ్లు, చూపు చాలావరకు పోయింది, వినికిడి కూడా తగ్గింది. అంతకుముందు చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. మళ్లీ కట్టాడు, మళ్లీ పంపాడు.

నేల మీద చేయాల్సిన పరీక్షలు

రెండో విమానానికి పిల్లలే ఒక అట్ట మీద ఈ వరుస రాసుకున్నారు.

1. గదిలో పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయాలి. తిరిగే ప్రొపెల్లర్ వేళ్లు కోసేస్తుంది.

2. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, తర్వాతే విమానం బ్యాటరీ కలపాలి. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ తీసి, ఆ తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆపాలి.

3. విమానం వెనక నిలబడి చూడాలి. పుల్లను కుడికి నొక్కితే కుడి ఎయిలెరాన్ పైకి, ఎడమది కిందికి కదలాలి. పుల్లను మన వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. ఇవి తిరగబడి ఉంటే ఎంత చేయి తిరిగినవారికైనా విమానం దక్కడం కష్టం.

4. సంకేతం తెగితే మోటారు ఆగిపోయేలా ఏర్పాటు ఉందో లేదో ట్రాన్స్‌మిటర్ ఆపి చూడాలి. ఇదీ ప్రొపెల్లర్ లేకుండానే.

5. బ్యాటరీలో ఒక్కో సెల్లు నిండుగా 4.2 వోల్టులు ఉండాలి. 3.5కు దగ్గరపడేలోపు విమానం దించాలి. 3 కంటే తగ్గితే సెల్లు పాడవుతుంది. చార్జింగ్ పెట్టి వదిలి వెళ్లకూడదు, పరుపు మీద అసలు పెట్టకూడదు. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు, మంటలు రావచ్చు.

6. చివరగా, బ్యాటరీ బిగించిన తర్వాతే వేళ్ల మీద తూకం.

ఎగరేయడం, దించడం

గాలిపటం ఎగరేసిన పిల్లలకు గాలి సంగతి కొత్త కాదు. విమానాన్ని గాలికి ఎదురుగానే వదలాలి, ఎదురుగానే దించాలి. పైకి లేచాక తొందరపడకుండా ఎత్తుకు వెళ్లాలి. ఎత్తు ఉంటే తప్పు చేసినా దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

కొత్తవారు తడబడేది విమానం మన వైపు తిరిగి వస్తున్నప్పుడు. అప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్టు కనిపిస్తాయి. దానికి సులువైన ఉపాయం ఉంది. ఏ రెక్క కిందికి వాలిందో పుల్లను ఆ వైపుకే నొక్కాలి, ఆ రెక్క పైకి లేస్తుంది. రెండో ప్రమాదం భయపడి ముక్కు పైకి లాగడం. వేగం తగ్గినప్పుడు అలా లాగితే రెక్క గాలి పట్టు కోల్పోయి విమానం రాయిలా పడుతుంది. పుల్ల వదిలి, ముక్కు కొంచెం దించి, వేగం రానివ్వాలి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో 2021 డ్రోన్ నియమాలు వీటికీ వర్తిస్తాయి. చదువు కోసం, సరదా కోసం, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసే 25 కిలోలలోపు విమానాలను అవి మోడల్ విమానాలుగా గుర్తించాయి. డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఆకుపచ్చ మండలంలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. అక్కడ కూడా 400 అడుగులు దాటకూడదు. విమానాశ్రయాల దగ్గర, జనం మీదుగా, కరెంటు తీగల దగ్గర ఎగరేయకూడదు.

రెండో రోజు

రెండోసారి మైదానానికి వెళ్లినప్పుడు పెద్దాయన మళ్లీ వచ్చారు. పిల్లలు అట్ట చూసుకుంటూ ఒక్కొక్క పరీక్ష చేశారు. మేము పక్కన నిలబడ్డాము. ఆ అమ్మాయి వేళ్ల మీద విమానాన్ని ఎత్తి, చాలాసేపు చూసి, బ్యాటరీని ఇంకో వేలెడు ముందుకు జరిపింది. మళ్లీ ఎత్తింది. ఈసారి ముక్కు ఒక పిసరు కిందికి వాలి నిలబడింది. "ఇప్పుడు సరే సార్" అంది.

విమానం లేచి, మైదానం చుట్టూ నాలుగు చుట్లు తిరిగి, గడ్డిలో కాస్త బరువుగానే దిగింది. ప్రొపెల్లర్‌కు మట్టి అంటింది తప్ప ఏమీ విరగలేదు.

ఇప్పుడు ఆ అట్ట చివర పిల్లలు ఏడో నియమం చేర్చుకున్నారు: జట్టులో ఎవరైనా "ఆగండి" అంటే విమానం ఎగరదు. అన్నది ఎంత చిన్నవారైనా, ఎదురుగా ఎంత పెద్దవారు కూర్చున్నా సరే. ఆ నియమం కింద మేము కూడా సంతకం పెట్టాము.