ముందు నీ చిత్తుప్రతి, ఆ తర్వాతే చాట్‌బాట్

చిరంజీవి అమ్మలుకి,

జెద్దా అల్ అజీజియా నుంచి బాబాయ్ ఆశీస్సులు. పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద టాపిక్ ఖాయమైందనీ మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి ఇక్కడ అందరికీ పండగే. ఆ తర్వాత వాట్సాప్‌లో నువ్వు అడిగిన ప్రశ్నే బాబాయ్‌ని ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది. 'లిటరేచర్ రివ్యూ చాట్‌జీపీటీతో రాయించుకుంటే, సిమిలారిటీ 10 శాతం లోపే వస్తే, తప్పేముంది?' అన్నావు.

2018 నాటి యూజీసీ నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నిజమే. కానీ సిమిలారిటీ రిపోర్ట్ చూసేది నీ వాక్యాలు ఇంకొకరి వాక్యాలతో ఎంత కలిశాయన్నది ఒక్కటే. రాసిన విషయం సరైనదా, పేర్కొన్న వ్యాసం అసలు ఉందా అన్నది దానికి పట్టదు. చాట్‌బాట్ అడిగిన ప్రతిసారీ వాక్యాన్ని కొత్తగా అల్లుతుంది కాబట్టి రిపోర్ట్ శుభ్రంగానే వస్తుంది. రేపు వైవాలో ఆ వాక్యానికి జవాబు చెప్పాల్సింది మాత్రం నువ్వు.

2023లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూడు. చాట్‌జీపీటీ ఇచ్చిన రిఫరెన్సులను ఒక్కొక్కటిగా వెతికితే, జీపీటీ-3.5 చెప్పినవాటిలో 55 శాతం, జీపీటీ-4 చెప్పినవాటిలో 18 శాతం లేనే లేని వ్యాసాలని తేలింది. ఇప్పటి మోడళ్లు ఇంటర్నెట్‌లో వెతికి ఇస్తాయి, ఆ మేరకు నయం. అయినా ఉన్న వ్యాసానికి అందులో లేని మాట అంటగట్టే ప్రమాదం పోలేదు. పట్టుకోవడం కష్టమైనది అదే.

నీ టాపిక్‌లోనే చూద్దాం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వివరించిన వ్యాసంగా అందరూ పేర్కొనేది షార్ట్, ఆయన సహచరులు 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసినది. వాళ్లు చూసిన రోగులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం వాళ్లు. నల్గొండ అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. చాట్‌బాట్ ఈ రెండింటినీ కలిపి 'నల్గొండలో 1937లో బయటపడింది' అని రాసినా ఇంగ్లీషు నున్నగానే ఉంటుంది, చదివేవాళ్లకు అనుమానమే రాదు. అలాగే తాగునీటి బీఐఎస్ ప్రమాణం. ఫ్లోరైడ్‌కు ఆమోదిత పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడే 1.5 దాకా అనుమతి. ఏ అంకె తీసుకున్నావో చెప్పకుండా పట్టిక వేస్తే కొన్ని ఊళ్ల బోరుబావులు మంచివో చెడ్డవో ఎవరికీ తెలియదు. ఆ నీళ్లు తాగే పిల్లల పళ్లు, ఎముకలు గుర్తుంచుకో అమ్మలూ. నీ థీసిస్‌కి అసలు పాఠకులు వాళ్లే.

బాబాయ్ బతుకంతా నీటి నమూనాల ల్యాబ్‌లోనే గడిచింది. సీసా మీద ఎక్కడ పట్టారో, ఎప్పుడు పట్టారో, ఎవరు పట్టారో లేకపోతే నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఆ నమూనాను పక్కన పెట్టాల్సిందే. నీ అధ్యాయంలో ప్రతి వాక్యానికీ అలాంటి చీటీ ఉండాలి. డీఓఐ నంబర్ కొట్టి చూడు, తెరుచుకున్న వ్యాసం శీర్షిక అదేనా అని చూడు, నువ్వు రాసిన మాట అందులో ఏ పేజీలో ఉందో నోట్సులో రాసుకో. వ్యాసాలు దొరకవన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. నీది ప్రభుత్వ యూనివర్సిటీ. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 2025 జనవరి నుంచి దాదాపు 13,000 పత్రికలు మీకు అందుబాటులో ఉన్నాయి.

సౌదీ అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 2023లో ప్రపంచవ్యాప్తంగా ఒక్క ఏడాదిలోనే 10,000కు పైగా పరిశోధనా వ్యాసాలను వెనక్కి తీసుకున్నారు. అందులో 8,000కు పైగా హిందావీ అనే ఒక్క ప్రచురణ సంస్థవే. 'నేచర్' పత్రిక లెక్క ప్రకారం, రెండు దశాబ్దాల్లో లక్షకు మించి వ్యాసాలు వెలువరించిన దేశాల్లో వెనక్కి తీసుకున్నవాటి నిష్పత్తి సౌదీలోనే అత్యధికం, 10,000కు 30. చాట్‌బాట్‌లు రాకముందు నుంచీ ఉన్న జబ్బు ఇది. ఎంత రాశారన్నదానికే విలువ కట్టే చోట నిమిషాల్లో పేజీలు నింపే పరికరం చేతికొస్తే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

అదే దేశంలో, జెద్దాకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, తువల్ అనే ఊరి దగ్గర 2009లో మొదలైన కౌస్ట్ యూనివర్సిటీ ఉంది. 2023లో అక్కడి పరిశోధకులు చైనా వాళ్లతో కలిసి అరబ్బీ కోసం ఏస్‌జీపీటీ అనే మోడల్ తయారుచేశారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 'చందమామ కథలు' మోడల్ కోసం వేలమంది ఇంజినీరింగ్ విద్యార్థులతో తెలుగు కథలు సేకరించింది. రాయించుకునే దశ దాటి, ఆ యంత్రం ఎలా తయారవుతుందో తెలుసుకున్న విద్యార్థులు వాళ్లు. నీకూ వీలైతే ఆ వైపు వెళ్లు. 2024 రసాయన నోబెల్‌లో సగం ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ చేసిన హసాబిస్, జంపర్‌లకు దక్కింది. ఆ ప్రోగ్రామ్ నేర్చుకున్నది దశాబ్దాల పాటు ల్యాబుల్లో కష్టపడి కనుక్కున్న ప్రొటీన్ నిర్మాణాల నుంచేనని మరిచిపోకు.

మరి అసలు వాడొద్దా? వాడు. ఎప్పుడు వాడాలన్నదే ముఖ్యం. టర్కీలో వెయ్యిమంది దాకా హైస్కూల్ విద్యార్థులకు లెక్కల్లో జీపీటీ-4 ఇచ్చి చూశారు. మామూలు చాట్‌బాట్ ఇచ్చినవాళ్లు ప్రాక్టీసులో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా దారి మాత్రమే చూపేలా మార్చిన రకం ఇచ్చినవాళ్లకు ఆ నష్టం దాదాపు కనిపించలేదు. అందుకే మొదటి చిత్తు నువ్వే రాయి, తెలుగూ ఇంగ్లీషూ కలగలిసినా ఫర్వాలేదు. తర్వాత దాన్ని చాట్‌బాట్‌కిచ్చి ఎక్కడ వాదన తెగిందో, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఏం అడగొచ్చో చెప్పమను. గ్రాఫుల కోడ్ రాయించుకో, పైథాన్‌లో తప్పులు దిద్దించుకో. ఫీల్డ్ డేటాలో ఖాళీలు నింపమని మాత్రం ఎప్పుడూ అడగకు.

ఆ చిత్తుప్రతులన్నీ తేదీలతో దాచు. దీనికి ఇంకో కారణం ఉంది. 2023లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏఐ రాతను పసిగట్టే ఏడు పరికరాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి యంత్రం రాసినవిగా తేల్చాయి. మనలాంటివాళ్ల ఇంగ్లీషునే అవి ఎక్కువగా అనుమానిస్తాయన్నమాట. రేపు ఎవరైనా నిన్ను వేలెత్తి చూపితే కాపాడేవి ఆ చిత్తులే. ఏ పనికి ఏ పరికరం వాడావో మీ గైడ్‌కి ఈమెయిల్‌లో ముందే చెప్పు, ఆ జవాబునూ దాచుకో.

1937 వ్యాసం మీ లైబ్రరీలో దొరక్కపోతే మీ లైబ్రేరియన్‌ని అడిగి తెప్పించుకో. చదివాక నీ చిత్తు బాబాయ్‌కి పంపు. శుక్ర, శనివారాలు ఇక్కడ సెలవు, తీరిగ్గా కూర్చుని చదువుతాడు.

ప్రేమతో,
బాబాయ్
అల్ అజీజియా, జెద్దా