బడి నిధులు – తల్లిదండ్రుల అధికారము

1943లో నాటి ఆదిలాబాదు జిల్లా మార్లవాయి గ్రామమున, మానవశాస్త్రవేత్తయైన హైమన్‌డార్ఫ్ పండితుని ప్రేరణచే గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినదన్న విషయము పోటీపరీక్షల అభ్యర్థులకు స్మరణీయము. నాడు అట్లు మొదలైన గిరిజన విద్యకు నేడు నిధులే ఆధారము; గిరిజన సంక్షేమమునకు రాజ్యాంగపు 275(1)వ అధికరణము కేంద్రసహాయమును విధించుచున్నది. పాఠశాల విద్యకై 2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకమున కేంద్ర, తెలంగాణ ప్రభుత్వముల వాటా 60:40.

ధనముకంటె దానిపై తల్లిదండ్రుల పర్యవేక్షణమే ప్రధానమని నా దృఢవిశ్వాసము. 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టపు 21వ సెక్షను ననుసరించి పాఠశాల యాజమాన్య కమిటీయందు నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను, సభ్యులలో సగము స్త్రీలు కావలెను, అణగారిన వర్గములవారికి దామాషా స్థానము దక్కవలెను. 22వ సెక్షను మేరకు ఆ కమిటీ రచించు అభివృద్ధి ప్రణాళికయే ప్రభుత్వ గ్రాంట్లకు ఆధారము. కరీంనగరపు కూలితల్లియైనను, ఉట్నూరు గోండు రైతైనను అందు సభ్యులై నిధుల వినియోగమును ప్రశ్నింపవచ్చును. అభ్యర్థులు ఈ సెక్షన్లను తమ యూరి తల్లిదండ్రులకును తెలుపవలెనని మనవి.