కౌంటర్ దగ్గర స్పానిష్: మొదట నాలుగు రూపాలు చాలు

టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో స్టోర్‌లో, ఫార్మసీలో, క్లినిక్‌లో పనిచేసే మనవాళ్లకు స్పానిష్‌తో తరచూ పని పడుతుంది. ఓలా, గ్రాసియాస్ తేలిగ్గానే వచ్చేస్తాయి. ఆ తర్వాత అడ్డం పడేది క్రియల పట్టిక. ఒక్కో కాలానికి ఆరేసి రూపాలు చూసి చాలామంది పుస్తకం మూసేస్తారు. ఉద్యోగానికైతే వర్తమానంలో నాలుగు రూపాలతో మొదలుపెట్టండి.

వస్తాను, వస్తాం, వస్తారు అనే మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. క్రియ చివరను బట్టే ఎవరి సంగతో తెలిసిపోతుంది. అందుకే ఇంగ్లిష్ అలవాటుతో ప్రతి వాక్యం ముందూ ‘యో’ (నేను) తగిలించకండి.

క్రియలు ‘ఆర్’, ‘ఎర్’, ‘ఇర్’లతో ముగుస్తాయి. ఆ ముగింపు తీసేసి కొత్తది చేర్చాలి. అబ్లార్ (మాట్లాడటం), కొంప్రెందేర్ (అర్థం చేసుకోవడం), అబ్రీర్ (తెరవడం) చూడండి:

నేను: ఆబ్లో, కొంప్రేందో, ఆబ్రో
మీరు, అతను, ఆమె: ఆబ్లా, కొంప్రేందే, ఆబ్రే
మేము, మనం: అబ్లామోస్, కొంప్రెందేమోస్, అబ్రీమోస్
మీరంతా, వాళ్లు: ఆబ్లాన్, కొంప్రేందెన్, ఆబ్రెన్

కస్టమర్‌ను ‘ఉస్తేద్’ (మీరు) అనే మర్యాదతోనే పలకరించండి. దానికి వాడే రూపమే అతనికీ ఆమెకూ సరిపోతుంది. నువ్వు అనే రూపం తోటి ఉద్యోగులతో చనువు పెరిగాక నేర్చుకోవచ్చు. ఆరోదైన ‘బొసోత్రోస్’ (మీరంతా) రూపం స్పెయిన్‌లో వాడేది, లాటిన్ అమెరికా వాళ్ల మాటల్లో వినబడదు. దాన్ని పక్కన పెట్టేయండి.

ఎక్కువగా వాడే క్రియలే దారి తప్పుతాయి. వాటిని మాత్రం బట్టీ పట్టక తప్పదు:

తెనేర్ (కలిగి ఉండటం): తేంగో, తియేనే, తెనేమోస్, తియేనెన్
ఎస్తార్ (ఫలానా చోట, స్థితిలో ఉండటం): ఎస్తోయ్, ఎస్తా, ఎస్తామోస్, ఎస్తాన్
ఇర్ (వెళ్లడం): బోయ్, బా, బామోస్, బాన్

ఈ మూడోది రెండు పనులు చేస్తుంది. ‘బోయ్ ఆ అబ్లార్’ అంటే మాట్లాడబోతున్నాను. భవిష్యత్తుకు వేరే పట్టిక లేకుండానే కొన్నాళ్లు గడిచిపోతుంది.

‘లేదు’, ‘కాదు’ అనాలంటే క్రియ ముందు ‘నో’ చేర్చండి: నో తెనేమోస్, మా దగ్గర లేదు. ప్రశ్నకు పదాల వరస మార్చనక్కర్లేదు, గొంతు పైకి లేపితే చాలు: తియేనే రెసేతా? డాక్టర్ చీటీ ఉందా? స్పానిష్ త, ద దాదాపు మన త, దలే. అమెరికన్ యాసలో ట, డ చేయకండి.

రోజూ కౌంటర్లో మీ నోట వచ్చే పది వాక్యాలు రాసుకోండి. వాటిలోని క్రియలనే ముందు పట్టండి. పట్టికను వరసగా అప్పజెప్పడం కాకుండా, ‘మీకేం కావాలి?’ అనగానే ‘కే నెసెసీతా?’ అని నోటికి వచ్చేలా పైకి చెబుతూ సాధన చేయండి. తప్పు పలికితే సరిదిద్దమని స్పానిష్ మాట్లాడే సహోద్యోగిని అడగండి.

ఒక్క జాగ్రత్త. మందు మోతాదు, సంతకం పెట్టాల్సిన కాగితాల దగ్గర మాత్రం మీ కొత్త స్పానిష్‌ను నమ్ముకోకుండా దుబాసీని పిలవండి. అక్కడ ఒక్క మాట తేడా వచ్చినా నష్టపోయేది ఎదుటి మనిషి.