200 మెగాపిక్సెల్ ఫోన్ వర్సెస్ గాజు పలక: అసలు తేడా సైజులోనే!

మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880ల్లోనే సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆయన పెద్ద పెద్ద గాజు నెగెటివ్‌లు వాడేవారు. ఆ రోజుల్లో నెగెటివ్‌ను కాగితంపై ఆనించి అదే సైజులో ప్రింట్ తీసేవారు. ఎన్‌లార్జ్ చేసే పని లేదు కాబట్టి ఫొటోలో వివరాలు చెదరవు.

లెక్క చూడండి (చదరపు మి.మీ.లో):

- లార్జ్ ఫార్మాట్ ఫిల్మ్ (4×5 అంగుళాలు): సుమారు 12,900
- 35 ఎంఎం ఫిల్మ్, ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్: 864
- ‘1 అంగుళం’ ఫోన్ సెన్సర్: సుమారు 116. పేరుకే అంగుళం, నిజానికి 13.2×8.8 మి.మీ.

ఈ లోటును ఫోన్ చాలా ఫ్రేమ్‌లు కలిపి కొంత పూడ్చుకుంటుంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో బ్లర్ కూడా ఎక్కువగా సాఫ్ట్‌వేర్ పనే. లార్జ్ ఫార్మాట్‌లో అది లెన్స్ నుంచే వస్తుంది. కాకపోతే ట్రైపాడ్ కావాలి, ఒక్కో ఫొటోకి ఒక్కో షీట్ ఖర్చు!

అందుకే స్పెసిఫికేషన్లలో ముందు సెన్సర్ సైజు చూడండి, మెగాపిక్సెల్స్ తర్వాత.