మట్టి బొమ్మ ఆడింది

బొమ్మ తనంతట తాను ఆడదు. కొంచెం కదిపి ఫొటో తీయాలి, మళ్ళీ కదిపి మళ్ళీ తీయాలి. సెకనుకు 12 ఫొటోలు గబగబా చూపిస్తే బొమ్మ ఆడినట్టే ఉంటుంది. దీన్ని స్టాప్‌మోషన్ అంటారు. 1986లో ఇంగ్లండు గాయకుడు పీటర్ గాబ్రియల్ ‘స్లెడ్జ్‌హ్యామర్’ పాట వీడియో ఇలాగే తీశారు. దానికోసం ఆయన గాజు పలక కింద 16 గంటలు పడుకున్నాడట! మనం అరగంట కుదురుగా కూర్చోలేం.

మేం మా అవ్వ పాడిన కోయపాట తీసుకున్నాం. 20 సెకన్లు, అంటే 240 ఫొటోలు. పలివెల కాలవగట్టు మట్టితో కొమ్ము నాట్యం బొమ్మలు చేసి, కొబ్బరి ఈనెలు కొమ్ములుగా గుచ్చాం. మేడంగారి ఫోను ఇటుకల మధ్య పెట్టాం. 90 ఫొటోలయ్యాక ఎవరికో కాలు తగిలి ఫోను జరిగింది. చూస్తే బొమ్మలన్నీ ఒక్కసారి ఎగిరిపడ్డాయి! మళ్ళీ మొదటినుంచి తీశాం. తాళం కూడా ముందే లెక్క రాసుకోవాలి. సెకనుకొక తాళం పడితే ప్రతి 12వ ఫొటోలో కాలు నేలకు ఆనాలి. మేం రాసుకోలేదు, అందుకే చివర్లో కాలు వెనకబడింది.

మొదట కోయపాట అనగానే కొందరు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆదివారం చూశాక వాళ్ళే “ఇంకోసారి వెయ్యవే” అన్నారు. అవ్వకి ఇంకా చూపించలేదు. సంక్రాంతి సెలవులకి మేడంగారు ఫోను ఇస్తారో లేదో!