పేరు మారిన సూక్ష్మజీవి

కోళ్ళకు కోరైజా యను పడిశము సోకును. ముక్కు కారును, ముఖము వాచి కన్నులు మూతపడును. గ్రుడ్లు తగ్గిపోవును, పెంపకందారునకు అదియే పెద్ద నష్టము.

దీనికి కారణమైన బాక్టీరియాను 1930 ప్రాంతమున డి బ్లీక్ అను శాస్త్రజ్ఞుడు వేరుపరచెను. దాని పెరుగుదలకు రక్తములోని రెండు పదార్థములు అవసరమని తలచి, వానికి ఎక్స్, వి అని పేర్లుండుటచే, రక్తప్రియములగు హీమోఫిలస్ ప్రజాతిలో దానిని చేర్చిరి. తరువాత దొరకినవానికి 'వి' ఒక్కటియే చాలెను. పళ్ళెములో స్టాఫిలోకాకస్‌ను గీతగా పెంచినచో, అది విడుచు 'వి'ని ఆశ్రయించి ఇవి ఆ గీత ప్రక్కనే మంచుబిందువులవలె మొలచును, దూరమున మొలవవు. తొలి పరీక్షలే పొరపాటై యుండునని పలువురి అభిప్రాయము. 1969లో వీనిని పారాగాలినారమ్ అను వేరు జాతిగా గుర్తించిరి.

పిమ్మట దక్షిణాఫ్రికాలో 'వి' కూడ అక్కరలేని రకములు బయటపడెను. పాత పరీక్షను నమ్మిన పశువైద్యునకు అట్టిచోట రోగకారణము చిక్కదు. ఆహారమునుబట్టి బంధుత్వము నిర్ణయించుట, ఒకే పూటకూటింట భుజించువారినెల్ల అన్నదమ్ములనుట వంటిది గదా!

2005లో శాస్త్రజ్ఞులు జన్యువుల వరుసను పోల్చి చూచిరి. పాశ్చురెల్లా పేరుతోనున్న మూడు పక్షి బాక్టీరియాలు దీనికి దగ్గరి చుట్టములని తేలెను. నాలుగింటిని కలిపి ఎవిబాక్టీరియమ్ అను క్రొత్త ప్రజాతి నేర్పరచిరి. లాటిను భాషలో 'ఎవిస్' అనగా పక్షి.