మూతపడిన మిల్లులో మిగిలిన నూనె



ఆ మధ్య మా క్యాజువాలిటీకి రెండున్నరేళ్ల బాబును తెచ్చారు. మూతపడిన ఒక మిల్లు నుంచి తండ్రి చవకగా తెచ్చిన వేస్ట్ ఆయిల్‌ను, దూలాలకు చెద పట్టకుండా పూద్దామని, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచాడు. అది డీజిల్ కలిసిన పల్చటి నూనె. బాబు రెండు గుక్కలు తాగాడు. కక్కించాలని నాయనమ్మ గొంతులో వేలు పెట్టింది. పైకి వచ్చిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అయింది. దేవుని కృపవలన ఎనిమిదో రోజున ఇంటికి వెళ్లాడు. అందుకే ఈ పాఠం.

పని చేస్తున్న మిల్లులో నూనెకు కాపలా ఉంటుంది. తాళం పడ్డాక ట్యాంకు తుప్పు పడుతుంది, వాన నీరు చేరుతుంది, నూనె పైకి తేలి పొర్లుతుంది. కాలువ పక్కనైతే చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అంతటి నీటికి సగం ఖాళీ అయిన డ్రమ్ములు కాగితపు పడవలే.

మిగిలిన సరుకు ఎంత ప్రమాదమో విశాఖపట్నంలో చూశాము. 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్‌లో ఆగి ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కి ఆవిరిగా లేచింది. పన్నెండు మంది చనిపోయారు. స్టైరీన్ కూడా నూనెలాగే నీటిపై తేలే ద్రవం. తరువాత కర్మాగారంలోనూ ఓడరేవు ట్యాంకుల్లోనూ మిగిలిన సుమారు 13 వేల టన్నులను ఓడలకెక్కించి దక్షిణ కొరియాకు పంపించారు. ఆ పని ముందే జరిగి ఉంటే అని మాకు అనిపిస్తూనే ఉంటుంది.

చవకగా అమ్మేయడం తీసివేయడం కాదు. 1959లో మొరాకో దేశంలోని మెక్నెస్ పట్టణంలో, సైనిక విమాన స్థావరంలో మిగిలిన ఇంజను నూనెను వ్యాపారులు వంట నూనెలో కలిపి అమ్మారు. దాదాపు పది వేల మందికి కాళ్లు చేతులు చచ్చుబడ్డాయి.

అసలు పద్ధతి ఇది. ముందు అది ఏ నూనెయో పరీక్ష చేయించాలి. తరువాత పంపుతో ట్యాంకరులోకి తోడి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లింగ్ వారికి అప్పగించాలి. ట్యాంకు కడిగిన నీరు, నూనె తాగిన మట్టి కూడా కాలువకు పోకూడదు. ఇది యజమాని బాధ్యత. ఆయన పట్టించుకోకపోతే పంచాయతీ ద్వారా మండలికి ఫిర్యాదు రాయండి. మండలి ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది.

అడుగున మడ్డి తీయడానికి కూలికి ట్యాంకులో దిగవద్దు. ఖాళీగా కనిపించినా లోపల విషపు ఆవిరి ఉండవచ్చు, ఊపిరికి గాలి చాలకపోవచ్చు. అన్న పడిపోతే తమ్ముడు దిగుతాడు, ఇద్దరూ మిగలరు. గాలి పరీక్షించి, బ్లోయరు పెట్టి, నడుముకు తాడు కట్టి, పైన మనిషిని ఉంచి దిగవలసిన పని అది. దగ్గరలో బీడీ కూడా వెలిగించకూడదు.

రేవులో నీటిపై రంగురంగుల తెట్టు కనిపిస్తే ఆ నీరు తాగవద్దు, పశువులకు పెట్టవద్దు. మరిగించి తాగమని మేమే ఇన్నేళ్లు చెప్పాము. అది క్రిములకు. నూనె మరిగిస్తే పోదు, క్లోరిన్ బిళ్లకూ పోదు. చిన్న బోదెలో అయితే ఎండుగడ్డి మోపులు అడ్డంగా కట్టితే తెట్టు కొంత ఆగుతుంది. ఆ గడ్డిని మాత్రం గేదెలకు వేయకండి. గేదెలకు పేలు పట్టాయని వేస్ట్ ఆయిల్ పూసే అలవాటు కూడా మానాలి.

ఒంటిమీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి, పెట్రోలుతో తుడవవద్దు. కంట్లో పడితే పదిహేను నిమిషాలు మంచి నీరు ధారగా పోయండి. మింగితే కక్కించవద్దు, పాలు పట్టవద్దు. దగ్గు, ఆయాసం లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలవవచ్చు. వచ్చేటప్పుడు ఆ సీసాను మూత బిగించి వెంట తెండి.